బుధవారం నడిచిన యంత్రం

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కొన్ని కాగితాలు, ఒక కళ్లజోడు. లోపలికి రావాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేక సంచిని రెండు చేతులతోనూ గుండెలకు హత్తుకుని నిలబడింది.

"తూనికలాయన ఆఫీసు ఇదేనాండీ?"

"ఇదేనమ్మా. లోపలికి రా, కూర్చో," అంది స్టెనో.

తూనికలాయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. తూనికలు కొలతల శాఖలో ఇరవై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఒక పెద్ద దుకాణం త్రాసు కింద అంటించిన అయస్కాంతాన్ని వదిలెయ్యమని పైవాళ్లు చెబితే, దాన్ని వదలక ఉద్యోగాన్నే వదిలేశాడు. ఆ తర్వాత ఈ రెండు గదుల ఆఫీసు తెరిచి, జనం తేల్చుకోలేని విషయాలు తేల్చిపెట్టే పనికి దిగాడు. స్టెనో అంతకుముందు కోర్టులో పనిచేసేది. ఈయన దగ్గర చేరి ఆరేళ్లయింది. ఆయన నోటి నుంచి రాలిన మాట ఏదీ ఆమె నోట్‌బుక్కు దాటి పోదు. "మీ దేవుడు ఇవాళేం సెలవిచ్చాడు?" అని ఆమె భర్త రోజూ ఎగతాళి చేస్తాడు. ఆమె పట్టించుకోదు.

"మా నాన్నది ప్రమాదం కాదేమో అనిపిస్తోందండీ," అంది ఆ అమ్మాయి కూర్చున్నాక. "అదే భయంగా ఉంది. ఎందుకంటే ఊళ్లో నాకు తప్ప ఇంకెవరికీ అలా అనిపించట్లేదు."

ఆమె తండ్రి ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ లెక్చరర్. రిటైరయ్యాక ఆయనకి ఇంకో పని పట్టుకుంది. ఎవరైనా కష్టపడి దాచుకున్నది ఏదైనా కంపెనీలో పెట్టాలనుకుంటే, ఆ కంపెనీ వ్యవహారం బుర్రకెక్కకపోతే, కాగితాలు పట్టుకుని లెక్చరర్ దగ్గరకి వచ్చేవాళ్లు. ఆయన వెళ్లి చూసి, సరుకుందో లేదో చెప్పేవాడు. అందుకు పైసా తీసుకునేవాడు కాదు.

"చూసొచ్చాక నన్ను వంటింట్లో కూర్చోబెట్టి చెప్పేవాడండీ. వాళ్లేం చేస్తారు, ఎలా చేస్తారు, ఎవరు కొంటారు. నాకు అర్థమైతే సరే. కాకపోతే తప్పు నీదీ కాదు, నాదీ కాదు, ఆ కంపెనీదే అనేవాడు."

ఈసారి అడిగింది అద్దకం పనివాళ్ల సంఘం. వాళ్ల షెడ్లనుంచి పారే రంగునీళ్లను శుభ్రం చెయ్యకపోతే రెండు నెలల్లో షెడ్లు మూసెయ్యాలని కోర్టు చెప్పింది. మూడు వందల నలభై కుటుంబాలు. ఆ నీళ్లను తేటగా మార్చే యంత్రం తమ దగ్గరుందని, సంఘం తన సంక్షేమ నిధితో వాటా తీసుకుంటే ముందుగా వాళ్లకే బిగిస్తామని ఒక కంపెనీ వచ్చింది. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. లెక్చరర్ పద్నాలుగు రోజులు తిరిగాడు. పోయిన బుధవారం కళ్లు చూపించుకొస్తానని ఇంట్లోంచి బయల్దేరాడు. గురువారం పొద్దున అద్దకం షెడ్ల వెనక రంగునీళ్ల గుంటలో శవమై తేలాడు. అదే రోజు మధ్యాహ్నానికి ఆయన రిపోర్టు సంఘం బల్ల మీద ఉంది.

ఆ అమ్మాయి చివరి పేజీ తీసి ఇచ్చింది. తూనికలాయన పైకి చదివాడు.

"'బుధవారం మధ్యాహ్నం స్వయంగా వెళ్లి యంత్రం నడవడం కళ్లారా చూశాను. ఒకవైపు రంగునీళ్లు పోస్తే రెండోవైపు తేటనీళ్లు వచ్చాయి. ఇది అద్భుతం. సంఘం నిస్సందేహంగా నిధిని ఇందులో పెట్టవచ్చు.' సంతకం లేదే?"

"టైపయ్యాక చేస్తాడండీ. ఈసారి చెయ్యడానికి లేడు." ఆమె ఆ పేజీ వైపు వేలు చూపించింది. "ఇది మా నాన్న రాసింది కాదు. అద్భుతం అనే మాట ముప్పై ఏళ్లలో ఏ పిల్లాడి ఆన్సర్ పేపరు మీదా రాయలేదాయన. పైగా మంగళవారం రాత్రి కూడా 'నీకు చెప్పేంత నాకే అర్థం కాలేదమ్మా' అన్నాడు."

"ఈ కళ్లజోడు?"

"నాన్నదే. చదువుకునేది. దూరం చూసేది వేరే ఉంది, అది జేబులో దొరికింది. గుంటలోంచి తీసేటప్పటికి ముఖం మీద ఇదే ఉందట, తాడు ఉంది కదా, ఊడిపోలేదు."

తూనికలాయన ఆ కళ్లజోడు పెట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూశాడు. అంతా మసక. తీసి జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"చూసొచ్చినవన్నీ ఎక్కడ రాసుకునేవారు?"

"చిన్న నోట్‌బుక్కు ఉండేదండీ. అది దొరకలేదు."

శుక్రవారం సంఘం మీటింగు, ఒప్పందం మీద సంతకాలు. అప్పటికి సోమవారం సాయంత్రం అయింది.

మంగళవారం పొద్దున తూనికలాయన, స్టెనో కంపెనీకి వెళ్లారు. ఊరికి ఒక చివర, వరసగా రేకుల కప్పుల ఫ్యాక్టరీలున్న పేట అది. మలుపులో ఒక టీ దుకాణం ఉంది. తూనికలాయన అక్కడ ఆగి టీ తాగాడు. ఆయన ఊరికే టీ తాగడని తెలుసు కనుక స్టెనో చుట్టూ కనబడినవన్నీ రాసుకుంది. బల్లలు రెండు, గాజు గ్లాసులు, గోడకు 'బుధవారం సెలవు' అని రేకు మీద రాసిన బోర్డు.

కంపెనీ డైరెక్టరు వాళ్లను కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాడు. గుండ్రటి ముఖం, మెత్తటి గొంతు. హాలు మధ్యలో మనిషెత్తు స్టీలు పీపా ఉంది. అన్నివైపులా సీలు వేశారు. మీట నొక్కగానే గుయ్యిమంటూ మోత మొదలైంది. పైనుంచి బక్కెట్టెడు నీలం నీళ్లు పోశారు. కింద కుళాయిలోంచి గాజులాంటి నీళ్లు వచ్చాయి.

"లోపలేముంది?" అన్నాడు తూనికలాయన.

"పొర. అయితే మామూలు పొర కాదు సార్, స్పందించే పొర. రంగు కణం వచ్చిందనుకోండి, దాని స్వభావాన్ని పొరే గుర్తిస్తుంది."

"గుర్తించి?"

"దానికి తగ్గట్టు తన ధర్మం మార్చుకుంటుంది."

"పట్టుకున్న రంగు ఎక్కడికి పోతుంది?"

"మంచి ప్రశ్న. లెక్చరర్ గారూ అదే అడిగేవారు. అది పొరలో శక్తిగా మారిపోతుంది."

స్టెనో ఐదు పేజీలు నింపింది. తర్వాత తిరగేస్తే పరీక్షలో ఏమీ రాని పిల్లాడు రాసిన ఆవు వ్యాసంలా ఉంది.

"లెక్చరర్ గారు ఆఖరున ఎప్పుడొచ్చారు?"

"సోమవారం. పోయినవారం సోమవారం."

"ఆ తర్వాత?"

"రాలేదే. వస్తే నాకు తెలియకుండా ఉంటుందా?" అన్నాడు డైరెక్టరు. గేటు దగ్గర గేట్‌మన్ మాత్రం వీళ్లను చూసి మొహం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం అద్దకం షెడ్లకు వెళ్లారు. ఊరికి రెండో చివర. మోటార్ల హోరు, తొట్ల మీదినుంచి లేస్తున్న ఆవిరి. తొట్లలో గుడ్డలు తిప్పుతున్న వాళ్ల చేతులు మోచేతుల దాకా నీలం, ఎరుపు, ఆకుపచ్చ. రంగుల మేస్త్రి అడక్కుండానే అందుకున్నాడు.

"పోయినోళ్ల గురించి చెడ్డగా అనకూడదు. అయినా ఆ పంతులు పద్నాలుగు రోజులు నాన్చాడండీ. ఇక్కడ మా పీకలమీద కత్తి వేలాడుతుంటే ఆయన పొర అంటే ఏంటి, నీరంటే ఏంటి అని కూర్చున్నాడు. మొన్న ఆయన మీద నేను అరిచిన మాట నిజం. దాచను."

"రిపోర్టు చదివావా?"

"నాకు చదువొస్తే తొట్లో చేతులెందుకు పెడతానండీ? వేలిముద్ర గాణ్ణి. సెక్రటరీ చదివి వినిపించాడు."

సంఘం సెక్రటరీ ఆఫీసుగదిలో ఉన్నాడు. ఒకప్పుడు లెక్చరర్ దగ్గర చదువుకున్నవాడు. ఆ ఇంట్లో మనిషిలా తిరిగాడు, ఆ అమ్మాయి అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనుకుంది స్టెనో.

"సార్ ఒక్కో పేజీ చేత్తో రాసి ఇచ్చేవారండీ. నేను టైపు చేసేవాణ్ణి. ఆఖరి కాగితం బుధవారం ఎప్పుడో తలుపుకున్న పెట్టెలో వేసి వెళ్లారు. నాకు ఆరోజు జ్వరం, ఆఫీసుకే రాలేదు. గురువారం పొద్దున చూసి టైపు చేశాను. చేస్తుండగానే కబురొచ్చింది."

"చేత్తో రాసిన కాగితం?"

"టైపయ్యాక చింపేస్తాం. ఎప్పుడూ అంతే."

"ఆయన రాతేనా?"

"ఆ రాత నాకు తెలీదాండీ? ఇరవై ఏళ్లుగా చూస్తున్నా."

"మీటింగు శుక్రవారమే ఎందుకు పెట్టారు?"

"మా వైపు కరెంటు సెలవు శుక్రవారం కదా. షెడ్లు నడవవు, అందరూ ఖాళీగా దొరుకుతారు."

వెనక ఉన్న గుంటను కూడా చూశారు. నాలుగువైపులా సిమెంటు గట్టు, దాని మీద జారుడు పాచి. నీళ్లు ఏ రంగో చెప్పలేని రంగులో ఉన్నాయి. తూనికలాయన గట్టుమీద చాలాసేపు నిలబడ్డాడు.

"స్టెనో గారూ, చదువుకునే కళ్లజోడు పెట్టుకుని ఎవరైనా ఇలాంటి చోట నడుస్తారా?"

"నడవరు సార్. ఎదర గోతులున్నా కనబడవు."

"మరి ఎందుకు పెట్టుకుని ఉంటాడు?"

ఆమె ఆలోచించింది. "చదవడానికి."

"తనకోసమైతే ఇంటికెళ్లి చదువుకుంటాడు," అని ఆయన గట్టు దిగాడు.

మరునాడు, బుధవారం మధ్యాహ్నం, మళ్లీ కంపెనీకి వెళదామంటే స్టెనోకి ఆశ్చర్యం వేసింది. పేట అంతా సద్దుమణిగి ఉంది. టీ దుకాణం మూసి ఉంది. గేట్‌మన్ ఒక్కడే అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్నాడు. అతని తలమీదున్న ఫ్యాను తిరగడం లేదు.

"దాహంగా ఉందయ్యా," అన్నాడు తూనికలాయన.

గేట్‌మన్ నీళ్లు నమిలాడు. తర్వాత లోపలికి దారిచ్చాడు. "పోయిన వారం ఆ పెద్దాయన కూడా ఇలాగే అడిగాడండీ. కుళాయి ఆ పీపాకి ఉన్నదొక్కటే. ఆయన తాగలేదు. తిప్పి చూస్తూ నిలబడ్డాడు. నా ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు."

తూనికలాయన పీపా కింద కుళాయి తిప్పాడు. సన్నటి ధార వచ్చింది. జేబులోంచి సీసా తీసి నింపుకున్నాడు. ఆ సీసా సాయంత్రానికి లెక్చరర్ కూతురికి చేరింది. ఆమె ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది.

శుక్రవారం పదిగంటలకు పెద్ద షెడ్డు జనంతో నిండిపోయింది. మోటార్లు ఆగి ఉన్నాయి. తొట్ల గట్ల మీద, గుడ్డల బేళ్ల మీద, నేల మీద మనుషులు. ముందు బల్ల దగ్గర సెక్రటరీ, మేస్త్రి, పక్కన డైరెక్టరు. తూనికలాయన అడిగిన మీదట వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు. లెక్చరర్ కూతురు స్టెనో పక్కన నిలబడింది.

"సంతకాలకి ముందు పదినిమిషాలు నా మాట వినండి," అని మొదలుపెట్టాడు తూనికలాయన. "లెక్చరర్ గారి రిపోర్టు మీరు నమ్ముకున్నారు. దాని చివరి పేజీలో బుధవారం యంత్రం నడవడం చూశానని ఉంది. మీకిక్కడ కరెంటు సెలవు ఏరోజు?"

"శుక్రవారం," అన్నారు నలుగురైదుగురు.

"కంపెనీ ఉన్న పేటలో?"

డైరెక్టరు తలవంచుకున్నాడు.

"బుధవారం. అక్కడి టీ దుకాణంవాడు కూడా ఆరోజు సెలవు పెడతాడు. ఫ్యాను కూడా తిరగని రోజున ఆ యంత్రం ఎలా నడిచింది? లెక్చరర్ గారు ఆరోజు వెళ్లింది నిజం, గేట్‌మన్ చూశాడు. కావాలనే ఆ రోజు చూసి వెళ్లాడాయన. మోత లేదు, పైన నీళ్లు పోసేవాళ్లు లేరు. అయినా కుళాయి తిప్పితే తేటనీళ్లు వచ్చాయి. అంటే అవి ఎక్కడివి? గోడ వెనక నుంచి వచ్చే ఊరి మంచినీళ్ల గొట్టానివి. పద్నాలుగు రోజులు అర్థంకాని కంపెనీ ఆయనకి ఆ క్షణంలో అర్థమైంది. అలాంటి మనిషి 'యంత్రం నడవడం కళ్లారా చూశాను' అని రాయడు."

షెడ్డులో చిన్నగా కలకలం రేగింది. ఆయన అది తగ్గేదాకా ఆగాడు.

"మరి రాసిందెవరు? కంపెనీవాళ్లా? వాళ్లకి బుధవారం సంగతి తెలుసు, ఆ తప్పు చెయ్యరు. కూతురా? తండ్రి కళ్ల డాక్టరు దగ్గరకి వెళ్లాడనుకుంది. రాసినవాడికి ఆయన బుధవారం అక్కడికి వెళ్లాడని తెలుసు, ఆరోజు అక్కడ కరెంటుండదని తెలీదు. అంటే వెళ్లొచ్చిన తర్వాత లెక్చరర్ గారితో మాట్లాడినవాడు. శుక్రవారం సెలవుండే చోట బతికేవాడు." ఆయన గొంతు పెంచలేదు. "మేస్త్రికి రాయడం రాదు. సెక్రటరీ గారూ, ఆ కాగితం పెట్టెలో దొరికిందన్నారు. ఆయన రాతేనన్నారు. ఆయన రాతైతే ఆ అబద్ధం అందులో ఉండదు. కాబట్టి పెట్టెలో కాగితమే లేదు. ఉందని చెప్పింది మీరొక్కరే."

సెక్రటరీ బల్లమీద కాగితాలు సర్దుతూనే ఉన్నాడు.

"చదువుకునే కళ్లజోడు పెట్టుకుని ఆ గట్టుమీద నిలబడ్డాడాయన. నోట్‌బుక్కు తీసి ఎవరికో చదివి వినిపిస్తున్నాడు. ఆ నోట్‌బుక్కు ఎక్కడుంది?"

"పొయ్యిలో పెట్టాను," అన్నాడు సెక్రటరీ.

లెక్చరర్ కూతురు బల్ల దగ్గరకి వచ్చింది.

"నేను తొయ్యలేదు," అన్నాడతను. మాటలు తూనికలాయనతో కాదు, ఆ అమ్మాయితో. "నీ మీదొట్టు తల్లీ, తొయ్యలేదు. పొద్దుగూకే వేళ గుంట దగ్గరకి వచ్చారు. కరెంటు ఊసే ఎత్తలేదు, 'చూశాన్రా, వద్దు, మోసం' అన్నారు. మరి మేమేం చెయ్యాలి సార్ అన్నాను. 'అది నాకు తెలీదురా, నన్నడిగింది ఈ కంపెనీ గురించి కదా' అన్నారు. నోట్‌బుక్కు తీసి చదవబోయారు. నేను లాక్కున్నాను. దానికోసం ఒకడుగు ముందుకేశారు, పాచిమీద కాలు జారింది. ఈత రాదు ఆయనకి. చెయ్యి పైకెత్తారు. అందేంత దూరంలోనే ఉంది."

"చెయ్యి ఇవ్వలేదా బాబాయ్?" అంది ఆమె.

"ఇద్దామనే వంగాను. ఆయన బయటికొస్తే రేపు ఆ మాట రాస్తారు కదా అనిపించింది. ఒక్క క్షణమే అనిపించింది. ఆ తర్వాత చూస్తే చెయ్యి లేదు."

స్టెనో పెన్సిలు ఆగిపోయింది. కోర్టులో పదిహేనేళ్లు పనిచేసినా అలా ఎన్నడూ ఆగలేదు. ఇన్‌స్పెక్టరు లేచివచ్చి సెక్రటరీ భుజం మీద చెయ్యివేశాడు. అతను వెంట నడిచాడు. జనం దారి ఇచ్చారు. ఎవరూ తిట్టలేదు.

"ఈయన సంగతో?" అని తూనికలాయన డైరెక్టరును చూపించాడు.

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. "మోసపోయినవాడు ఫిర్యాదివ్వాలండీ. ఇంకా ఎవరూ ఏమీ ఇవ్వలేదు కదా."

అప్పుడు లేచాడు డైరెక్టరు. గొంతులో అదే మెత్తదనం.

"చాలా విచారకరం. కానీ ఆ నీళ్ల గురించి ఒక్కమాట చెప్పాలి. శుద్ధయిన నీళ్లను పీపా అడుగున నిలవ ఉంచుతాం. కరెంటు లేకపోయినా కుళాయి తిప్పితే అవే వస్తాయి."

"ఆ నీళ్లు నేను పరీక్ష చేశాను," అంది లెక్చరర్ కూతురు. "ఊరి కుళాయిలో ఎంత క్లోరిన్ ఉందో అందులోనూ అంతే ఉంది. లవణాలూ అంతే. రెండూ ఒకటే నీళ్లు."

"ఉంటుందమ్మా. తాగే నీళ్ల ప్రమాణానికి తేవాలని చివర్లో మేమే అవన్నీ కలుపుతాం."

"పీపా విప్పి చూపించండి," అన్నాడు తూనికలాయన.

"విప్పితే పొర పాడవుతుంది సార్. ఒప్పందం అయ్యాక, సంఘం వాటాదారు అయ్యాక, తప్పకుండా."

తూనికలాయన జనం వైపు తిరిగాడు. "విన్నారు కదా. అర్థంకాని కంపెనీతో వచ్చిన చిక్కే ఇది. మీరేం అడిగినా దాని దగ్గర జవాబుంటుంది. మీలో ఒక్కరు, ఒకే ఒక్కరు, ఆ పీపాలో ఏం జరుగుతుందో మీ మాటల్లో నాకు చెప్పండి. చెప్పగలిగితే నేనే దగ్గరుండి సంతకాలు పెట్టిస్తాను."

చివరికి మేస్త్రి లేచాడు. మొన్నటి దురుసు ఇప్పుడు లేదు.

"మాకు తెలీదండీ. మరి మీరు చెప్పండి. ఇది కాకపోతే ఇంకో యంత్రం ఉందా?"

"నాకు తెలిసి లేదు."

"కోర్టు గడువు పెంచుతుందా?"

"పెంచదు."

"నిధి అలాగే ఉంచుకుంటే?"

"ఏడాది గడుస్తుంది."

"ఆ తర్వాత?"

తూనికలాయన ఏదో ఒకటి చెప్తాడని స్టెనో పెన్సిలు పట్టుకుని ఎదురుచూసింది. ఆయన చెప్పలేదు.

ఒప్పందానికి సరేనన్నవాళ్లు చేతులెత్తమన్నారు. మొదట తొట్ల వైపునుంచి రెండు లేచాయి, తర్వాత పది. ఆ తర్వాత లెక్కపెట్టనక్కర్లేకపోయింది. కొందరు ఎత్తకుండా తలొంచుకుని బయటికి వెళ్లిపోయారు. వాళ్లు నలభై మంది కూడా ఉండరు. సెక్రటరీ కుర్చీలో మేస్త్రి కూర్చుని ఇంకుప్యాడు మూత తీశాడు. డైరెక్టరు కాగితాలను ఒక్కొక్కటే అతని ముందుకు జరిపాడు.

వేలిముద్రలు వెయ్యడానికి అంతా వరసలో నిలబడ్డారు. ఆ వరసలోంచి ఒక పెద్దావిడ పక్కకి వచ్చింది. నలభై ఏళ్లుగా నీలం తొట్టి దగ్గర పనిచేసిన మనిషి. గోళ్లు, గీతలు, చేతి ముడతల్లో కూడా నీలమే. లెక్చరర్ కూతురి ముందు నిలబడింది.

"మీ నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదమ్మా. అది నాకు తెలుసు. ఈయన చెప్పిందీ నాకు అర్థమైంది. ఆ నీళ్లు కుళాయి నీళ్లే."

"మరి ఎందుకు ఎత్తారు పెద్దమ్మా చెయ్యి?"

"ఎత్తకుండా ఇంటికెళ్లి ఏం చెయ్యను?" అంది ఆవిడ. కోపం లేదు, నిజంగానే అడుగుతున్నట్టుంది. జవాబు కోసం కాసేపు ఆ అమ్మాయి మొహంలోకి చూసింది.

"నా వంతు పోతుందమ్మా," అని ఆవిడ వెనక్కి వెళ్లి వరసలో నిలబడింది.